కాయిలూ, వైరూ, నాలుగు కిలోమీటర్లూ

రేపు ఉదయం నా భుజం కింద చిన్న పెట్టె పెట్టి, అందులోంచి ఒక వైరు గుండెలోకి దించుతారట. గుండె కొట్టుకోవడం మరిచిపోయినప్పుడల్లా ఆ పెట్టె కాస్త కరెంటు పంపి గుర్తు చేస్తుందట. డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాల్సిన కాగితం పొద్దుటి నుంచీ నా ఒళ్లోనే ఉంది. పెట్టలేదు. సిస్టరు మూడుసార్లు వచ్చి, నా మొహం చూసి వెళ్ళిపోయింది.

బొమ్మ చూడగానే మా ఆయన "ఓస్, స్కూటరుకుండే కాయిలూ వైరే కదా" అన్నాడు. అంతటితో ఆగితే ఆయన మా ఆయనెందుకవుతాడు? సాయంత్రం టీ వేళకి వార్డు వరండాలో బెంచీల మీద చేరినవాళ్ళకి స్కూటరు పురాణం అందుకున్నాడు. వినేవాళ్ళలో ముఖ్యులు ఇద్దరు. ముప్ఫయ్యేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి ఇక ఈ జన్మలో ఎవర్నీ నమ్మనని తేల్చుకున్న ఒక పెద్దాయన, తల్లిని చూసుకోడానికి వచ్చిన ఒక టైలరమ్మ. నేనెలాగూ ఉన్నాను, తప్పించుకునే దారి లేక.

"మా పాత బండి ఉండేదండీ, వాన చుక్క పడితే చాలు మొండికేసేది. దాని కాయిల్ నిప్పురవ్వ పుట్టించడం మానేసి ఆవలించడం మొదలెట్టింది. అప్పుడే ఈవిడకి లైబ్రరీలో ఉద్యోగానికి పరీక్ష. పది గంటలకి గేటు మూసేస్తారు. ఊళ్ళో బస్సుల సమ్మె, ఈవిడకేమో ముందురోజే కాలు బెణికింది. రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే, పావుగంటలో, ఒక్క స్క్రూడ్రైవరుతో పాత కాయిల్ పీకేసి పెద్ద కాయిల్ బిగించా. ప్లగ్గుకెళ్ళే వైరు కూడా మార్చేశా, బొటనవేలంత లావుది. అది చాలదని కాయిల్ కూర్చునే ఇనప పట్టీకి రెండు కోటింగులు ఎర్ర పెయింటేశా. చేస్తే అలా చెయ్యాలి పని. మర్నాడు పొద్దున్న కిక్కు కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బండి స్టార్టయింది" అన్నాడు టికెట్ల పెద్దాయన, ఆవలిస్తూ.

"స్టార్టవడం చిన్నమాటండీ. జానెడు రవ్వ, నీలంగా. ఆ కిక్కుకి ఎదురింటి రేడియో దానంతటదే పాడింది. వీధి చివర ఎన్నాళ్ళుగానో ఆగిపోయిన గడియారం మళ్ళీ నడిచింది, అదీ సరైన టైము నుంచి. ఈవిణ్ణి ఎక్కించుకుని వంతెన మీదకొచ్చేసరికి చూస్తే ట్యాంకులో పెట్రోలు లేదు. అయినా బండి ఆగలా. ఉత్త రవ్వ మీదే పోతోంది."

టైలరమ్మ టీ గ్లాసు దించి, పెట్రోలు లేకుండా ఎలా పోతుంది అన్నయ్యగారూ అని అడిగింది. అదే కదా చెల్లెమ్మా విచిత్రం అని ఆయన ఇంకాస్త ముందుకి జరిగాడు.

"తాళం తీసి జేబులో వేసుకున్నా ఆగలా. పైన మబ్బు పట్టింది, ఒక మెరుపు మా బండి దాకా దిగొచ్చి, ఆ రవ్వని చూసి, సిగ్గుపడి వెనక్కెళ్ళిపోయింది. మేం గేటు దగ్గరికెళ్ళేసరికి తొమ్మిదిన్నర. గేటు మూసేవాడు ఇంకా ఇంట్లో పళ్ళు తోముకుంటున్నాడు. ఇంకా ఏమైందో..."

"అబద్ధం" అన్నాను.

బెంచీలన్నీ నా వైపు తిరిగాయి. పెద్దాయన మొహంలో తొలిసారి వెలుగు కనిపించింది.

"ఏ ముక్క అబద్ధమమ్మా?" అన్నాడు.

"మొత్తం. ఆ బండి ఆ రోజు స్టార్టే కాలేదు. కాయిల్ మంచిదే, వైరూ మంచిదే. కాయిల్ బండి ఇనుముకి తగులుతూ ఉంటేనే కరెంటు తిరుగుతుంది, ఈయన అందం కోసం మధ్యలో రెండు కోటింగుల పెయింటు పులిమాడు. మర్నాడు మా అన్నయ్య వచ్చి ఆ పెయింటు గీకాక ఒక్క కిక్కుకే లేచింది. కానీ పరీక్ష నాడు..." ఒళ్ళో కాగితాన్ని మడత పెట్టాను. "పరీక్ష నాడు నన్ను సీటు మీద కూర్చోబెట్టి బండిని తోసుకుంటూ తీసుకెళ్ళాడు. వంతెన ఎక్కేటప్పుడు దిగుతానంటే దిగనివ్వలేదు. రెండు నిమిషాలున్నాయనగా గేటు దాటాం. చొక్కా పిండితే బిందె నిండేది."

మా ఆయన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో, ఏ ఒక్కసారీ తను తోసిన సంగతి చెప్పలేదు. గొప్పలు చెప్పుకునేవాడు ఉన్న ఒక్క గొప్పనీ దాచుకున్నాడు.

ఒళ్ళో కాగితం మడత విప్పాను. అడగకూడదనుకున్న మాట అడిగేశాను.

"ఇది కూడా స్టార్టవకపోతే?"

ఆయన తలెత్తాడు. రేడియోల ఊసూ మెరుపుల ఊసూ ఎత్తలేదు.

"తోస్తా" అన్నాడు.

నాలుగోసారి వచ్చిన సిస్టరు గుమ్మంలో నిలబడింది. పెన్ను కోసం చెయ్యి చాచాను. డాక్టరుతో మాత్రం పెయింటు వేయొద్దని చెప్పమన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు గానీ టైలరమ్మ నవ్వుతూ పైట చెంగుతో కళ్ళొత్తుకుంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఇంతకీ ఎంత దూరం తోశారండీ అన్నాడు, ఈసారి కాస్త మర్యాదగా.

"ఏడు కిలోమీటర్లు" అన్నాడు మా ఆయన, నడుం నిటారు చేసుకుని.

నాలుగు. తల వంచుకుని సంతకం పెట్టాను.