అరచేతిలో గాలం

మార్చి నెల పొద్దున. అమెరికాలోని ఓజార్క్ కొండల నడుమ సరస్సులో ఒక పడవ, అందులో ఇద్దరే: పాతికేళ్లుగా కలిసి చేపలు పడుతున్న వెర్లిన్, డోయల్. డోయల్ ఇప్పుడే ఒక పెద్ద బాస్ చేపను పైకి లాగాడు. వెర్లిన్ చెక్కిన చెక్క ఎరకు రెండు గాలాలు. ఒకటి చేప నోట్లో ఉంది, రెండోది డోయల్ అరచేతిలో దిగింది.

"ఒరేయ్ వెర్లిన్, తియ్యరా! ఇది ఎగిరినప్పుడల్లా ముల్లు ఇంకా లోపలికి పోతోంది!"

"ఎగరకుండా అదిమి పట్టుకో."

"ఒంటి చేత్తోనా? ఆరు పౌండ్లుందిరా! గాలం తెంచే కట్టర్ ఏదీ?"

"నా చేతిలోనే ఉంది."

"మరి కొయ్యవేం?"

"కోస్తాను. ముందు ఎర ఎలా ఉందో చెప్పు."

"ఏంటీ?"

"రెండు కుదుపులు కుదిపి వదిలేశావు. మెల్లగా పైకి తేలింది. అది తేలేటప్పుడే కదా చేప వచ్చి పట్టింది? ఆ తేలడం కుదరడానికే చలికాలమంతా కూర్చుని చెక్కాను."

"బాగుంది! బంగారంలా ఉంది! నీ చేతులకి దణ్ణం, ఇక కొయ్యి!"

"మొన్న లోనీని చూడ్డానికి ఆసుపత్రికెళ్లాను."

"మా తమ్ముడి సంగతి ఇప్పుడెందుకురా... అబ్బా!"

"ఎందుకో నువ్వే చెప్పు."

"వాడికి జ్వరం. ఏదేదో వాగుతున్నాడు."

"ఏం వాగాడో నేనింకా చెప్పలేదే?"

"వెర్లిన్... రక్తం చూడు."

"చూస్తున్నా. పదకొండేళ్ల కిందట చేపల బరువు పోటీలో నా చేప కడుపు కోస్తే సీసం గుండ్లు బయటపడ్డాయి. అంతమంది జనం ముందు మోసగాడని తరిమేశారు. అప్పుడు నువ్వు నా భుజం మీద చెయ్యేసి ఏమన్నావో గుర్తుందా?"

"లేదు."

"'ఎందుకు చేశావురా' అన్నావు."

"ఒరేయ్, మళ్లీ ఎగురుతోంది... సరే! నేనే! ఆ గుండ్లు కూరింది నేనే! చాలా?"

"చాలదు. ఎందుకు?"

"ఎవడు చూసినా వెర్లిన్ ఎర, వెర్లిన్ చేప! పక్కనే నేనూ ఉన్నాను, నా పేరెవడైనా ఎత్తాడా? ఒక్కసారి నీ తల దించుదామనుకున్నా. అంతదూరం పోతుందనుకోలేదురా. ఇక కొయ్యి."

"ఆగు. చేపని విడిపిస్తున్నా. పాపం, దాని తప్పేం లేదు. ఆఁ, పో... పోయింది."

"మరి నా చెయ్యి?"

"నీ చెయ్యి అలాగే ఉండనీ. అప్పట్నుంచి చర్చిలో మా బెంచీ మీద మా పక్కన ఎవడూ కూర్చోలేదు, తెలుసా? పదకొండేళ్లు నా పెళ్లాం ఓమా నన్ను దొంగ అనుకుంటూ నాకు వండిపెట్టింది."

"ఓమా అలా అనుకోలేదు."

"దాని మాట నువ్వెత్తకు! ఆదివారం చర్చిలో లేచి నిలబడి అందరి ముందూ ఒప్పుకుంటావు. దానికన్నా ముందు, ఇవాళే, ఓమా ముందు ఒప్పుకుంటావు. సరేనంటే కోస్తా."

"చర్చిలో చెప్తాను. ఒట్టు. కానీ ఓమాతో..."

"ఓమాతోనే ముందు!"

"ఓమాతో కొత్తగా చెప్పడానికేం లేదురా."

"అంటే?"

"ఆ పోటీ అయిన వారమే మీ ఇంటికొచ్చాను. నువ్వు పెరట్లో ఉన్నావు. వంటింట్లో ఓమాకి అంతా చెప్పేశాను."

"అబద్ధం."

"నీకూ చెప్పేద్దామని పెరట్లోకి రాబోయాను. ఆవిడే నా చొక్కా పట్టుకుని ఆపింది. 'పోనీలే డోయల్, ఇకనైనా పోటీలంటూ పోకుండా శని ఆదివారాలు ఇంట్లో నా దగ్గరుంటాడు' అంది."