తల ఊపకూడని పాట

స్కానింగ్ సెంటర్ వరండాలో గోడవారగా ఒక ఇనుప బెంచీ. దాని మీద బస్సు డ్రైవరు, అతని భార్య, ఇద్దరికీ మధ్యలో ఆమె తమ్ముడు. తమ్ముడికి సొంత సెలూన్ ఉంది.

“ఊగింది.”

“ఊగలేదు.”

“ఊగింది బావా. అక్క కళ్ళజోడు పెట్టె నీ నెత్తి మీంచి జారి నా ఒళ్ళో పడింది. దానంతటది దూకిందా?”

“పెట్టె అడుగు నున్నగా ఉందిరా, అందుకని జారింది. ఏమోయ్, ఇది కాకుండా ఇంకేదైనా పెట్టు.”

“ఏం పెట్టమంటారు, ఇటుక పెట్టనా? మీ తల ఊగడం మానదు గానీ నా పెట్టె సొట్టలు పోతోంది. తమ్ముడూ, ఆ ఇయర్‌ఫోన్లు తీసెయ్యి. కుక్కర్ పాట కూడా పోయినట్టే.”

“కుక్కర్ పాట అనకు. పాపం ఆ రాక్ బ్యాండువాళ్ళు అంత గంభీరమైన పేరు పెట్టుకుంటే.”

“ఆ పేరు నాకు నోరు తిరగదు. మొదట్లో మూడు ఈలలు వేస్తాడు, తరవాత మూత ఎగిరిపోయినట్టు అరుస్తాడు. అది కుక్కరే.”

“అక్కా, పేర్ల సంగతి తరవాత. ఓట్లు మళ్ళీ ఒకసారి చెప్పు. ఇంకాసేపట్లో పిలిచేస్తారు.”

“ముగ్గురం, మూడు ఓట్లు. మీ బావది కుక్కర్ పాట, మిక్సీ ఆయన పాడింది. నీది, మెడనిండా గొలుసులేసుకుని అరుస్తుందే, ఆ గొలుసుల పిల్ల పాట. నాది... నాదేముంది, ఏదో ఒకటి. నాకు ఈ గోలంతా ఒకటే.”

“ఏదో ఒకటి అంటే చెల్లదు.”

“అసలు ఈ ఓట్ల గొడవేంటి? అందరిలా పాటా గీటా లేకుండా ఆ ఎమ్మారై గొట్టంలో పడుకోవచ్చుగా?”

“మొదటిసారి పడుకున్నాగా!”

“ఆహా, పడుకున్నారు. లోపలికి తోశారో లేదో, చేతిలో పెట్టిన రబ్బరు బంతి పిండేసి, ‘తియ్యండి, తియ్యండి, నన్ను పొయ్యిలో పెట్టేశారు’ అని ఒకటే కేకలు. ఈ వరండాలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఒకాయన పేరు రాయించుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.”

“నువ్వు దూరి చూడు ఒకసారి. సరిగ్గా ముక్కు మీదే కప్పు! బస్సులో నా ముందు ఎంత అద్దం ఉంటుంది! ఆ చివర్నుంచి ఈ చివరిదాకా రోడ్డు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి గొట్టంలో కుక్కితే ఎలా?”

“అందుకే కదా రెండోసారి పాట పెట్టించాం.”

“పెట్టించారు. భయం పోయిందా లేదా?”

“పోయింది. దాంతోపాటు బుద్ధీ పోయింది. ఫొటోలో నాలుగు ముక్కులు వచ్చాయి. డాక్టరుగారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, ‘ఇది తలా, గిలకా?’ అని నన్నడిగారు. నన్ను! ఊపింది నేనైనట్టు.”

“నేను చెప్తా విను అక్కా. రోజూ ఎన్ని తలలు పట్టుకుంటాను! ఏడ్చే పిల్లల తలలు, కునికే ముసలాళ్ళ తలలు. నా చేతిలో పడ్డాక ఏ తలైనా బుద్ధిగా ఉండాల్సిందే. బావది ఒక్కటే లొంగలేదు. ఆయన గడ్డం గీసేటప్పుడు సెలూన్లో పాటలు కట్టేస్తే గానీ కత్తి ముట్టను.”

“అయితే నువ్వూ లోపలికొచ్చి నా తల పట్టుకోరా.”

“నేనా? నా జేబుల్నిండా కత్తెరలు. ఆ అయస్కాంతం నీకంటే ముందు నన్ను మింగుతుంది.”

“నవ్వులాటగా ఉందా మీ ఇద్దరికీ? ఈసారి కూడా రిపోర్టు రాకపోతే డిపోలో ఏమన్నారో గుర్తుందా?”

“గుర్తు చెయ్యకు.”

“చేస్తాను. స్టీరింగు సంగతి మర్చిపొమ్మన్నారు. రిటైరయ్యేదాకా టికెట్ల కిటికీ దగ్గరే కూర్చోమన్నారు.”

“ఆ కిటికీ ఈ గొట్టం కంటే ఇరుకురా బావమరిదీ. చెయ్యి పట్టేంత కన్నం. దాంట్లోంచి చేతులు తప్ప మనుషులు కనబడరు. మొన్న ఒక చేతికున్న లావుపాటి ఉంగరం చూసి, మా మేనేజరుగారనుకుని లేచి నిలబడ్డాను.”

“కాదా?”

“ఎవరో ముసలావిడ. ‘కూర్చో నాయనా, ఫరవాలేదు’ అంది.”

“ఒక్కసారి కళ్ళు తిరిగినందుకు ఇంత చెయ్యాలా అక్కా? అప్పుడు బస్సు ఆగే ఉందట కదా?”

“ఆగి ఉంది కాబట్టే మనం ఇవాళ ఇక్కడ కూర్చుని పాటలకి ఓట్లు వేసుకుంటున్నాం. లేకపోతే ఏం చేస్తూ ఉండేవాళ్ళమో నేను ఆలోచించదలుచుకోలేదు.”

“సరే, సరే. నా మాట వినండి. గొలుసుల పిల్లకి వెయ్యండి ఓటు. అది గొంతు కాదు. ఒక్కసారి పైకి లేపిందంటే మా సెలూన్ అద్దంలో నా మొహం వణుకుతుంది.”

“ఆ అమ్మాయి బాగా పాడుతుంది, కాదనను. కానీ మిక్సీ ఆయన ముందు ఎంత? ఆయన ఊపిరి కూడా తీసుకోకుండా పాటంతా గురగురమంటాడు.”

“గురగురమనడం పాటా బావా? మా కుర్చీ కిందికి దిగేటప్పుడు అంతకంటే శ్రావ్యంగా ఉంటుంది.”

“ఏంట్రా అన్నావు? మిక్సీ ఆయన్ని కుర్చీతో పోలుస్తావా? లే. నా పక్కనుంచి లే.”

“అబ్బబ్బ, జనం చూస్తున్నారు! ఇద్దరూ నోళ్ళు మూసుకోండి. తమ్ముడూ, నీ గొలుసుల పిల్లని పెట్టు, చూద్దాం. ఇదిగో, పెట్టె నెత్తి మీద పెట్టాను.”

“పెట్టా. ఎలా ఉంది బావా? బావా? చూశావా అక్కా, కదల్లేదు! నేను చెప్పలా? ఇంక ఓట్లు—”

“కాలు చూడు.”

“కాలా?”

“బ్రేకు తొక్కుతున్నారు. ఇప్పుడు మోకాలు. మోకాల్నుంచి నడుముకి ఎక్కింది. అదిగో భుజం. పట్టుకో, పట్టుకో నా పెట్టె!”

“...పడిపోయింది.”

“ఇంక నెమ్మదిగా ఉండే పాటే గతి. పోనీ ఆ పంటినొప్పాయనది పెడితేనో?”

“ఎవరు, ఆ ఏడుపాయనా? ఆయన పాట మొదలెట్టి ముగించేసరికి మనం ముసలాళ్ళమైపోతాం బావా.”

“ఆయన్ని ఏమీ అనకండి.”

“ఏంటక్కా?”

“ఏం లేదు.”

“నీకు ఈ గోలంతా ఒకటే అన్నావుగా?”

“ఒకటే. కాకపోతే మిగతావాళ్ళు ఊరికే అరుస్తారు. ఆయనకి నిజంగానే ఎక్కడో నొప్పి ఉంది. ఎవరూ పట్టించుకోలేదు పాపం, అందుకని అరుస్తున్నాడు.”

“ఓహో! కూరలు తరుగుతూ నువ్వు మూలిగేది ఆయన పాటేనా?”

“నేను నా వంటింట్లో మూలుగుతాను, పొర్లుతాను, నీకెందుకు?”

“ఏమోయ్, ఇన్నేళ్ళ కాపురంలో నాకొక్క మాట చెప్పలేదే!”

“చెబితే ఇంట్లో సౌండు ఇంకా పెంచుతారని చెప్పలేదు. ఆ మొహం అంత వెలిగిపోనక్కర్లేదు. పాట వినండి ముందు.”

“ఊగుతున్నాడక్కా. నెమ్మదిగా ఊగుతున్నాడు, అంతే తేడా.”

“అప్పుడు నాలుగు ముక్కులొచ్చాయి. దీనికైతే ఒకటే వస్తుంది, గడ్డం దాకా.”

స్కానింగ్ గది తలుపు తీసుకుని ఒక అమ్మాయి బయటికొచ్చింది.

“ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదండీ.”

“అయ్యో, సారీ అమ్మా.”

“తరవాత మీరే సార్. వాచీ, బెల్టు, ఉంగరాలు తీసేసి మేడమ్‌కి ఇచ్చెయ్యండి. పాట కావాలన్నారట. ఏ పాట?”

“ఓట్లు జరుగుతున్నాయమ్మా.”

“ఏం జరుగుతున్నాయి?”

“మా తమ్ముడి మాటలు పట్టించుకోకు. ఒక్క నిమిషంలో చెప్పేస్తాం.”

“ఏదైనా నాకొకటే. ఫోనిస్తే నా గదిలోంచి హెడ్‌ఫోన్లకి కలుపుతాను. కాస్త పొడుగు పాటైతే మంచిది, అది అయ్యేసరికి ఫొటోలూ అయిపోతాయి. కానీ సార్, ముందే చెప్తున్నా, ఈసారి తల కదిలితే నేను మళ్ళీ తియ్యను. పోయినసారి తీసింది నేనే. పేషెంటుని కదలకుండా చూసుకోవడం రాదా అని మా పెద్ద డాక్టరు నన్ను అందరి ముందూ కడిగేశారు.”

“ఈసారి అలా జరగదమ్మా. నాదీ పూచీ.”

“...వెళ్ళిపోయింది. చూశారా, మీ వల్ల ఆ పిల్ల కూడా తిట్లు తింది. మీ ఫోన్లో ఇన్ని పాటలున్నాయి కదా, మీరు తల ఊపని పాట ఒక్కటంటే ఒక్కటి లేదా?”

“ఉంది.”

“ఉందా! మరి ఇంతసేపూ చెప్పరే?”

“దానికి నేను ఓటు వెయ్యను కాబట్టి.”

“ఏ పాట బావా?”

“ఆ దరువు కుదరని పాట. బానే ఉంటుంది, తీసిపారేసే పాట కాదు. కానీ ఒక వరసలో నాలుగు దెబ్బలేస్తాడు, తరవాత వరసలో అయిదు, ఆ తరవాత మూడున్నర. సరిగ్గా ఊపుదామని తల దించేసరికి ఆ దెబ్బ దాటిపోయి ఉంటుంది. కొత్త డ్రైవరు ఎత్తు మీద గేరు మార్చినట్టు. ఎన్నాళ్ళ నుంచో ప్రయత్నిస్తున్నా, నాకు దొరకలేదు. పొడుగంటావా, అది అయ్యేసరికి నా బస్సు డిపో నుంచి మార్కెట్ దాకా వెళ్ళిపోతుంది.”

“పెట్టు తమ్ముడూ. పెట్టు, పెట్టు.”

“పెట్టా. అక్కా, ఊపిరి తీస్తున్నాడా?”

“ష్. దరువు వస్తోంది... ఇదిగో వచ్చేస్తోంది... ఛ, పోయింది.”

“కాలు చూడు తమ్ముడూ.”

“గాల్లో ఆగిపోయింది. బ్రేకు తొక్కాలో వద్దో తెలియక అక్కడే ఉంది!”

“పెట్టె?”

“నెత్తిమీదే. అతుక్కుపోయినట్టుంది.”

“నా ఓటు దీనికే. తమ్ముడూ?”

“గొలుసుల పిల్లా, క్షమించు తల్లీ. నాదీ దీనికే.”

“ఏమండీ, మీరు?”

“అన్నిట్లోకీ మంచి పాట ఇదేనంటే నేను ఒప్పుకోను.”

“మంచి పాట అని ఎవరన్నారు? తల ఊగని పాట అంటున్నాం.”

“రేపు మిక్సీ ఆయన పాట వినడానికి నాకు మొహం చెల్లొద్దూ?”

“మీకు స్టీరింగు కావాలా, మిక్సీ ఆయన కావాలా?”

“అదేం ప్రశ్న!”

“చెప్పండి.”

“...స్టీరింగు.”

“చెయ్యెత్తండి మరి.”

“ఎత్తానుగా.”

“అది సగమే బావా.”

“సగం చాలు. పదండి, ఆ ఉంగరం ఇలా ఇవ్వండి.”

డ్రైవరు లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

“గోళ్ళు కొరక్కు అక్కా.”

“కొరకడం లేదు.”

“మరి నోట్లో ఏంటి?”

“తమ్ముడూ, తలలో ఏమైనా ఉంటే?”

“ఉంటే కనబడుతుంది, మందిస్తారు. లేకపోతే నువ్వు రోజూ అనే మాటే డాక్టరు సంతకం పెట్టి ఇస్తాడు, లోపల ఏమీ లేదని.”

“ఊరుకో, నాకు నవ్వొస్తుంది. నవ్వితే ఏడుపొస్తుంది.”

“సరే, ఊరుకున్నా.”

“పొద్దున్నే డిపోలోంచి బస్సు తీసుకొచ్చేటప్పుడు మా వీధి మలుపులో హారన్ కొట్టేవారు. ఎవరూ అడ్డం ఉండరు. నాకోసమే. పొరుగువాళ్ళ నిద్ర పాడవుతోందని నేను ఎన్ని తిట్లు తిట్టానో. ఇప్పుడు వేరే అతను నడుపుతున్నాడు. మలుపులో హారన్ లేకుండానే బస్సు వెళ్ళిపోతోంది. ఈయన మంచం మీద కళ్ళు తెరుచుకుని ఆ బస్సు శబ్దం వింటూ ఉంటారు. నేను నిద్రపోతున్నట్టు నటిస్తాను.”

“వచ్చే వారం నుంచి మళ్ళీ తిట్టుకుందువుగానిలే.”

“లోపల్నుంచి ఏమీ వినబడటం లేదేంటి?”

“మంచిదేగా.”

“పోయినసారి ఇక్కడిదాకా ధనధనా మోత. గోడలు అదిరాయి.”

“అందుకే అంటున్నా, మంచిదే. గొడవ లేకుండా జరిగిపోతోందన్నమాట. అదిగో, తలుపు తీశారు. బావా!”

“కదల్లేదు!”

“నిజంగా?”

“వెంట్రుక కూడా కదల్లేదు. ముక్కు దురద పెట్టింది, గోక్కోలేదు. దరువు ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అని కాచుకుని పడుకున్నాను. పాటంతా అయిపోయింది, దొరకనే లేదు!”

“భయం వేసిందా?”

“ఆ సంగతే మర్చిపోయానోయ్. పైగా ఈసారి మెషిన్ ఎంత బుద్ధిగా ఉందనుకున్నావు! కిక్కురుమనలేదు. పాటలో ఒక్కో దెబ్బా విడివిడిగా వినబడింది.”

“పాడైపోయి ఉంటే బాగుచేయించారేమో.”

“గ్రీజు పెట్టి ఉంటారు. ఏ బండికైనా అదే మందు.”

“నా తండ్రే! నిన్ననే ఆ పాట సంగతి చెప్పుంటే ఈ ఓట్ల గోల ఉండేది కాదు కదా బావా.”

“రేపే రిపోర్టు తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పడేస్తాను.”

“పడెయ్యకండి. మర్యాదగా ఇవ్వండి. ఇచ్చి, తాళాలు అడిగి పుచ్చుకోండి.”

“ఇదిగో, అమ్మాయి వస్తోంది. ఏమ్మా, ఫొటోలు ఎలా వచ్చాయి? ముక్కు ఒకటేగా?”

“సార్... ఒక్కసారి లోపలికి వస్తారా? మళ్ళీ పడుకోవాలి.”

“మళ్ళీనా!”

“అయ్యో, తల కదిలిందా అమ్మా?”

“లేదు మేడమ్. సార్ బండరాయిలా పడుకున్నారు. నేను ఇక్కడ చేరాక అంత కదలకుండా పడుకున్న పేషెంటుని చూడలేదు.”

“చూశావుటోయ్! మరి ఇంకేం కదిలిందమ్మా?”

“కదిలింది నేను సార్. ఆ దరువు ఎక్కడ పడుతుందో పట్టుకుందామని బల్ల మీద వేళ్ళతో లెక్కపెడుతూ, తల ఊపుతూ కూర్చున్నాను. పాట అయిపోయాక చూసుకుంటే... మెషిన్ ఇంకా స్టార్ట్ చెయ్యనే లేదు.”