పెద్ద స్కాను

క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టరమ్మ గది. ఎదురుగా లైట్ల కొట్టు యజమాని, పక్కన ఆయన భార్య.

"అది కాదు డాక్టరమ్మగారూ, ఒళ్లంతా చూసే పెద్ద స్కాను ఉండగా ఈ చిన్నాచితకా పరీక్షలతో సరిపెట్టడమేమిటి?"

"సరిపెట్టడం కాదండీ. మీ ఆవిడ నాలిక పక్కనున్న పుండు గోరంత. ముక్క తీసి చూస్తే క్యాన్సరని తేలింది. మెడ నేను తడిమి చూశాను, మెడకి స్కానూ చేయించాను. గడ్డలేవీ లేవు. గురువారం ఆపరేషన్ చేసేద్దాం."

"మా తోడల్లుడికి మాత్రం పెద్ద స్కానే రాశారు."

"ఆయనకేమైంది?"

"మెడలో గడ్డలు. జబ్బు ఎక్కడ మొదలైందో ఎవరికీ దొరకలేదట."

"అలాంటివాళ్లకే అది. మూలం తెలియనప్పుడు, లేదా జబ్బు ముదిరి ఇంకెక్కడికైనా పాకిందేమోనని అనుమానం ఉన్నప్పుడు. మీ ఆవిడది మొదటి దశ. ఆ స్కాను చేసినా చేయకపోయినా నేను చేసేది ఇదే ఆపరేషన్."

"అంటే, వాళ్లింటికి ఉన్న మర్యాద మా ఇంటికి లేదన్నమాట."

"మర్యాదకి రాసేది కాదండీ అది. అమ్మా, మింగుతుంటే నొప్పి ఉందా?"

"ఉందండీ. కారం తగిలితే మరీనూ."

"మిమ్మల్ని కాదు, ఆవిడని అడిగాను."

"నాకు రాత్రిళ్లు—"

"నువ్వుండవే, నేను చెప్తున్నాగా. చూడండి డాక్టరమ్మగారూ, నాది లైట్ల వ్యాపారం. పది వాట్లు సరిపోయే గదికి వంద వాట్లు అడిగినా కాదనను. వెలుతురు ఎక్కువైతే వచ్చే నష్టమేముంది?"

"ఉంది. ఆవిడకి జలుబు చేసింది, మొన్ననే పన్ను పీకించుకున్నారు. ఆ స్కానులో అవీ వెలుగుతాయి. వెలిగిన చోటల్లా క్యాన్సరేమోనని మళ్లీ పరీక్షలు. ఇంతకీ స్కానుకి ఎన్నాళ్లు ఆగాలో కనుక్కున్నారా?"

"ఇరవై నాలుగు రోజులట. ఆగుతాం. భార్య విషయంలో తొందరపడే మనిషిని కాను."

"మీరు ఆగుతారు, పుండు ఆగాలి కదా. ఇప్పుడైతే కొంచెం తీస్తే పోతుంది, మాట స్పష్టంగానే ఉంటుంది. పెరిగితే ఇంకాస్త నాలిక కోయాలి. అప్పుడు మాట ఎలా ఉంటుందో నేను చెప్పలేను."

"అదేం పెద్దగా మాట్లాడే మనిషి కాదులెండి. ముందు జబ్బు సంగతి తేలాలి."

"అమ్మా, నాలిక మీది. మీరు చెప్పండి."

"చెప్పవే. పెద్ద స్కానే కావాలని చెప్పు."

"గురువారమే రాయండి డాక్టరమ్మా."

"నీకేం తెలుసే? నీ లోపల ఏముందో మూలమూలా చూడాలనే కదా నా తాపత్రయమంతా?"

"ఎందుకు తెలీదండీ? ఆర్నెల్ల కిందట నాలిక మండుతోంది, కొట్లోంచి చిన్న టార్చి తెచ్చి ఒక్కసారి నోట్లోకి చూడండి అంటే, అమ్మకానికి పెట్టిన సరుకు సీలు విప్పకూడదన్నారు."