పొద్దు పొడవని ఊరు

ఎడారి దేశంలోని సల్మానియా ఆసుపత్రిలో డ్యూటీ దిగిన నర్సు, తుబ్లీలో భర్త నడిపే ఏసీ రిపేరు షాపుకు వచ్చి కూర్చుంది.

“ఫిన్లాండ్ ఉద్యోగం ఏమైంది?” అన్నాడతను.

“వచ్చింది. ఉత్తరం కొసకు చిన్న ఊరు. చలికాలంల నెలకు పైన పొద్దే పొడవదట.”

“మరి మనుషులెట్ల ఉంటరు?”

“నేనూ అదే అడిగిన. చీకటి దినాలల్ల రోజూ పక్కింటి తలుపు కొట్టి పలకరిస్తరట. ఎవ్వరు ఒంటరిగ ఉండొద్దని ఊరంతా అనుకున్నరట.”

“ఇండ్లు వెచ్చగుండాలంటే కట్టెలు కాలుస్తరా?”

“అది తగ్గించిన్రట. ఏసీ అసొంటి మిషన్లే బయటి గాలిలున్న వేడిని లోపలికి గుంజుతయట.”

అతను చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

“మన ఏసీని తిప్పి పెట్టినట్టు. బాగుచేసెటోళ్లున్నరా?”

“ముసలాయన ఒక్కడే ఉన్నడట. నీ గురించి చెప్పిన, ఆ ఊరోళ్లు సంతోషపడ్డరు. కని ముందుగాల మన పాప గురించి అడిగిన్రు.”

“పాపతోని వాళ్లకేం పని?”

“బడిల పిల్లలు తగ్గిన్రట. ఇంకొకరు చేరకుంటే మూసేస్తరట. బడి పోతే ఉన్న కుటుంబాలు గూడ ఊరిడిచి పోతయట.”

“ఏం చెప్పినవ్ మరి?”

“పాపను అడిగి చెప్త అన్న.”

“ఏడేండ్ల పిల్లకు ఏం తెలుస్తది?”

“చీకట్ల బడికి పోయేది ఆమెనే కదా.”