గాలి మావయ్య బ్యాటరీ సాధించిన వైనం

డ్రైవింగ్ టీచరమ్మ బ్యాటరీ ఉన్న సంచిని రెండు చేతులా మోసుకుంటూ రోడ్డు దాటి వచ్చి, టీకొట్టు బెంచీ మీద దభీమని దించింది. పక్కనే తనూ కూలబడింది. టీ అడగడం కూడా మర్చిపోయి, ఎదురుగా ఉన్న కార్ల షోరూమ్ వైపు గుర్రుగా చూస్తూ ఉండిపోయింది.

విషయం ఏమిటంటే, ఆవిడ డ్రైవింగ్ స్కూల్ కారు బ్యాటరీ చచ్చిపోయింది. వారంటీ ఇంకా ఉంది. ఉంది కదా అన్న ధీమాతో దాన్ని విప్పించుకుని షోరూమ్‌కి పట్టుకెళ్ళింది. వర్క్‌షాప్ సూపర్‌వైజర్ ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. ఇది నేర్చుకునేవాళ్ళ బండిది కదా, వాళ్ళు నాలుగు గజాలకోసారి బండి ఆపేసి మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేస్తుంటారు, అది సరైన వాడకం కిందికి రాదు, కాబట్టి వారంటీ ఇవ్వడం కుదరదని తేల్చేశాడు. కౌంటర్లో ఉన్న కళ్ళజోడు అమ్మాయి ఆ మాటే కంప్యూటర్లో కొట్టి, సారీ మేడమ్ అంది. బ్యాటరీ ఉన్నదే బండి స్టార్ట్ చేయడానికి కదా అని టీచరమ్మ అడిగింది. సూపర్‌వైజర్ ఇంకో బండి వైపు వెళ్ళిపోయాడు. బ్యాటరీ మాత్రం తిరిగి ఆవిడ చేతికే వచ్చింది.

కొత్తది కొనుక్కుంటే గొడవ వదిలిపోయేది. కానీ మీ స్టూడెంట్లకి బండి నడపడం రాదు అన్న మాట ఆవిడకి మింగుడుపడలేదు. రాదు కాబట్టే గదా వాళ్ళు తన దగ్గరికి వచ్చింది. పైగా రేపు పొద్దున్నే ఒక నర్సమ్మకి లైసెన్సు పరీక్ష ఉంది. ఇదివరకే తప్పి, ఈసారి కూడా పోతే ఇక స్టీరింగ్ ముట్టుకోనని ఒట్టేసుకున్న మనిషి. ఆవిడ కాలు ఈ బండి క్లచ్‌కే అలవాటు పడింది. వేరే బండి ఎక్కిస్తే తాళం తిప్పకముందే చెమటలు పట్టేస్తాయి.

ఇదంతా టీచరమ్మ టీకొట్టాయనకి చెప్పుకుంటుండగా గాలి మావయ్య చెవిన పడింది.

గాలి మావయ్యది ఆ పక్కనే పంచర్ల షాపు. టైర్లలో గాలి నింపుతాను గనక ఆ పేరు వచ్చిందని ఆయన అంటాడు. మిగతావాళ్ళు వేరే కారణం చెబుతారు. ఆయన చేతిలో టైరు ఉబ్బేలోపు నోట్లో కబురు రెండింతలు ఉబ్బుతుంది. అయినా మనిషి మంచివాడు. రోడ్డు మీద ఎవరి బండి మొరాయించినా తన పని వదిలేసి ముందు పరిగెత్తేది ఆయనే.

"వారంటీ ఇవ్వం అన్నారా? ఎవరూ, ఈ ఎదురు షోరూమ్ వాళ్ళేనా?" అంటూ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. "నా దగ్గరా ఇదే పాట పాడారు టీచరమ్మా. పాడి ఏమయ్యారో తెలుసా?"

టీకొట్టాయన పొయ్యి మంట తగ్గించాడు. మెడలో టేపుతో టీకి వచ్చి లేవబోతున్న దర్జీ మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. వాళ్ళకిది కాలక్షేపం. టీచరమ్మకి మాత్రం నిజంగానే ఆశ పుట్టింది. ఎందుకంటే మావయ్య మాటలు ఎలా ఉన్నా, ఆయన పాత కారులో ఇప్పుడు నిగనిగలాడే కొత్త బ్యాటరీ ఉంది. అది షోరూమ్ వాళ్ళిచ్చిందే. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు.

కథ మొదట్లో బుద్ధిగానే నడిచింది. ఒకరోజు ఆయన కారు స్టార్ట్ కాలేదట. వారంటీ ఉంది కదా అని షోరూమ్‌కి వెళితే, మీరు అదనంగా పెట్టించుకున్న పెద్ద హారన్ బ్యాటరీని పీల్చేసింది, మా తప్పేం లేదన్నారట. మరోసారి చూడండి బాబూ అని ఈయన మర్యాదగా అడిగాడట. చూసేదేమీ లేదన్నారట. దాంతో కుర్చీ ఒకటి లాక్కుని కౌంటర్ ముందు కూర్చున్నాడట. ఇంతవరకూ ఎవరైనా నమ్మే మాటలే. కుర్చీ లాక్కోవాలి అని టీచరమ్మ మనసులో గుర్తు పెట్టుకుంది.

"కూర్చుని, ఆ బ్యాటరీ ఇలా తెండయ్యా అన్నాను. తెచ్చారు. మీటర్లూ గీటర్లూ నాకెందుకు, చూపుడువేలు ఇలా ఆనించాను. లోపల ఆరు గదులుంటాయి గదా, అందులో మూడో గది చచ్చింది, మిగతావి నిక్షేపంలా ఉన్నాయి, ఇది మీ ఫ్యాక్టరీ తప్పు, నా హారన్‌ని అనకండి అన్నాను. వాళ్ళు మీటరు పెట్టి చూస్తే ఏముందీ, మూడో గదే. సూపర్‌వైజర్ చేతిలో మీటరు జారి కింద పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలీదని టీకొట్టాయన వినయంగా ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత సూపర్‌వైజర్ వెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చాడట. గుమ్మంలోంచి రావాలంటే నడుము వంచాల్సినంత ఆజానుబాహువట ఆ మేనేజరు. మావయ్య అడిగిన ఒక్క ప్రశ్నకి ఆయనకి నోట మాట రాక, పై అంతస్తులోని తన ఆఫీసర్ని పిలిపించాడట. ఆ ఆఫీసరు కోటు వేసుకుని లిఫ్టులో దిగాడట. ఆయనకీ జవాబు తోచక, ఆయన పైఆయన్ని పిలిపించాడట. అలా ఒకరి వెనక ఒకరు దిగుతూనే ఉన్నారట.

దర్జీ మెడ సాచి రోడ్డు అవతలకి చూశాడు. షోరూమ్‌కి ఉన్నదల్లా కింది అంతస్తు. దాని మీద రేకుల కప్పు.

"లిఫ్టు ఎక్కడుందోయ్ అక్కడ?"

"ఉండేది. ఆరోజు ఆఫీసర్లు దిగీ దిగీ తాళ్ళు అరిగిపోయాయి. తీసేశారు."

"మరి పై అంతస్తో?"

"లిఫ్టే లేనప్పుడు పై అంతస్తు ఏం చేసుకుంటారు? అదీ తీసేశారు."

సరిగ్గా అప్పుడే కౌంటర్ కళ్ళజోడు అమ్మాయి ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. సాయంత్రం పూట స్టాఫ్‌కి టీ ఇక్కడి నుంచే వెళుతుంది. మావయ్య వీపు అటు ఉంది కాబట్టి ఆయన చూడలేదు. టీచరమ్మ చూసింది. ఇందాక సారీ చెప్పిన మనిషే. ఆ అమ్మాయి కూడా బెంచీ మీది సంచిని చూసి చూపు తిప్పేసుకుంది. ఫ్లాస్కు ఇచ్చేసి ఓ పక్కన నిలబడింది గానీ, మావయ్య మాటలు చెవిన పడేసరికి మెల్లగా ఇటు జరిగింది. మావయ్యని ఆపాలా వద్దా అని టీచరమ్మ తటపటాయించింది. కానీ అప్పటికే కథలోకి లాయరు దిగిపోయాడు.

కంపెనీ వాళ్ళు పిలిపించిన ఆ నల్లకోటు లాయరు మావయ్యతో వాదించి వాదించి గొంతు ఆరిపోయి, మంచినీళ్ళు తాగి, ఇక మీ తరఫునే వాదిస్తాను, నాకు ఫీజు కూడా వద్దన్నాడట. అయినా కంపెనీ వాళ్ళు మెట్టు దిగలేదట.

"అప్పుడొచ్చింది నాకు కోపం. నాకు మామూలుగా రాదు, వచ్చిందంటే ఆగదు. బ్యాటరీ మీద రెండు చేతులూ పెట్టి, నిజం చెప్పవే తల్లీ, తప్పు నీదా నాదా అన్నాను. అంతే, నా ఒంట్లో వేడంతా దాంట్లోకి దిగిపోయింది. అమ్మకానికి పెట్టిన కార్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. వైపర్లు ఊగాయి, డిక్కీలు తెరుచుకున్నాయి. ఓ తెల్ల కారైతే రివర్సులో నా దగ్గరికొచ్చి, ఎక్కండి అన్నట్టు డోరు తీసి నిలబడింది."

టీచరమ్మకి నిజంగానే ఓ సందేహం వచ్చింది. "అంత చార్జ్ ఎక్కితే పాత బ్యాటరీ బాగైపోయినట్టేగా మావయ్యా. మరి కొత్తది ఎందుకిచ్చారు?"

మావయ్య ఓ గుక్క టీ తాగాడు. కథ ఎక్కడైనా పీటముడి పడితే ఆయనకి దాహం వేస్తుంది.

"టీచరువి గనక అడిగావు, వీళ్ళకి తట్టలేదు చూడు. దాన్ని కంపెనీ వాళ్ళు లాగేసుకున్నారమ్మా. ఆ బ్యాటరీ బయటికి పోతే ఊరంతా దాంతోనే లైట్లు వేసుకుంటుంది, ఇక కొత్తవి కొనేదెవరు అని వాళ్ళ భయం."

ఇక అక్కడి నుంచి మావయ్యకి పట్టపగ్గాలు లేకపోయాయి. ఆ హారన్ల మోత సముద్రాలు దాటి కంపెనీ ఓనర్‌కి వినిపించిందట. ఆయన తింటున్న కంచం ముందు నుంచి లేచి హెలికాప్టర్లో బయల్దేరాడట. రేకుల కప్పు మీద దిగితే కూలిపోతుందని, హెలికాప్టర్ తూనీగలా గాల్లోనే నిలబడిందట. దాని రెక్కల గాలికి వీధి మొత్తం డాబాల మీద ఆరేసిన తడిబట్టలు క్షణంలో ఆరిపోయి, మడతలు కూడా వాటంతట అవే పడ్డాయట.

"నా షాపులో ఒక్క గుడ్డముక్కా కదల్లేదే" అన్నాడు దర్జీ.

"నువ్వు ఆరోజు షాపు తీయలేదు" అన్నాడు మావయ్య వెనక్కి తిరిగి చూడకుండా. "అసలు సంగతి విను. గాల్లో ఉండగానే ఆ హెలికాప్టర్ బ్యాటరీ కూడా చచ్చింది. అదీ ఆ కంపెనీదే మరి. అందరూ బయటికి పరిగెత్తారు. నేను మాత్రం నా కారు డిక్కీలోంచి కేబుళ్ళు తీశాను. రేకుల మీదికెక్కి, ఓ కొస ఆ చార్జెక్కిన బ్యాటరీకి తగిలించి, ఇంకో కొస పైకి విసిరాను. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి, గురి తప్పలేదు. మనం రోడ్డు మీద ఆగిపోయిన కారుకి జంప్ స్టార్ట్ ఇవ్వమూ, అలాగే. రెక్కలు మళ్ళీ తిరిగాయి. ఓనరు తాడు పట్టుకుని దిగొచ్చి నా చేతులు పట్టుకుని, ఈ కంపెనీ మీరే నడపండి అన్నాడు. నేను కంపెనీ నడిపితే ఈ రోడ్డు మీద టైర్లకి గాలెవరు కొడతారండీ, నాకు ఒక్క బ్యాటరీ ఇవ్వండి చాలు అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, తన చేత్తో నా బండికి బిగించి మరీ వెళ్ళాడు."

టీచరమ్మకి నవ్వొచ్చింది. ఆ వెనకే దిగులూ వచ్చింది. ఇంత కథలో తను పట్టుకెళ్ళడానికి పనికొచ్చేది కుర్చీ ఒక్కటే మిగిలింది. అయినా ఆశ చావక అడిగేసింది.

"హెలికాప్టర్ సంగతి అలా ఉంచండి మావయ్యా. రేపు పొద్దున్నే నర్సమ్మ పరీక్ష. ఇప్పుడు నాతో ఓసారి అక్కడికి వస్తారా? మీరు నాలుగు మాటలు మాట్లాడితే చాలు."

మావయ్య షోరూమ్ వైపు చూశాడు. తన షాపు ముందు పడున్న టైరు వైపు చూశాడు. ఇప్పుడా, ఆ టైరు వాళ్ళు వచ్చేస్తారేమో అంటూ నసిగాడు. ఇంత పెద్ద కథ చెప్పిన గొంతు అంత చిన్నదైపోవడం టీచరమ్మ ఎప్పుడూ వినలేదు.

"ఆరోజు కౌంటర్లో ఉన్నది నేనే కదా మావయ్యగారూ" అంది వెనక నుంచి కళ్ళజోడు అమ్మాయి.

మావయ్య గిర్రున తిరిగాడు. ఆ అమ్మాయి కోపంగా ఏమీ అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. షట్టర్ తీయగానే ఈయన వచ్చిన మాట నిజమే. హారన్ వల్లే పోయిందంటూ తాము వారంటీ కాదన్న మాటా నిజమే. కుర్చీ లాక్కున్నదీ నిజమే. ఆ తర్వాత ఈయన, ఆ హారన్ ఎందుకు పెట్టించాల్సి వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాడు. దాని కోసం కారు కొన్న కథ చెప్పాలన్నాడు. దానికి ముందు చిన్నప్పటి సైకిల్ కథ వచ్చింది. వెనక నిలబడ్డ కస్టమర్లు తమ పని మర్చిపోయి చుట్టూ చేరారు. వర్క్‌షాప్ వాళ్ళు స్పానర్లు పక్కన పడేసి వచ్చారు. ఫోన్లు మోగుతుంటే ఎత్తే నాథుడు లేడు. మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా ఈయన ఇంకా సైకిల్ దిగలేదు.

"అప్పుడు మా మేనేజర్ నన్ను పక్కకి పిలిచి, ఆయనకి బ్యాటరీ ఇచ్చి పంపించేయ్ అమ్మా, లేకపోతే ఇవాళ ఒక్క బండి కూడా బయటికి పోదన్నారు. లాయరు లేడు, ఓనరు రాలేదు. మీ కథ ఆపించడానికి ఇచ్చామండీ ఆ బ్యాటరీ."

దర్జీకి టీ పొలమారింది. నిండా గాలి ఉన్న టైరులో మేకు దిగితే వచ్చే చప్పుడు లాంటిదొకటి మావయ్య నోట్లోంచి వచ్చింది. టీకొట్టాయన నవ్వు కనపడకుండా ఫ్లాస్కు వైపు తిరిగి, అది నిండి పొర్లుతున్నా టీ పోస్తూనే ఉన్నాడు.

ఆ అమ్మాయి టీచరమ్మ వైపు తిరిగింది. "మీ బ్యాటరీకి అసలు మీటరే పెట్టలేదు మేడమ్. స్కూల్ పేరు చూసి కాదనేశారు. పెట్టి చూడమని గట్టిగా అడగండి, నేనూ అడుగుతాను. మేనేజర్ ఇంకా వెళ్ళలేదు."

ఇద్దరూ సంచికి చెరో పక్కా పట్టుకుని లేచారు. అది చూసి మావయ్యకి మళ్ళీ ఊపొచ్చింది. టైరు సంగతి మర్చిపోయి, నేనూ వస్తాను పదండంటూ చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"మీరు కూర్చోండి మావయ్యగారూ. మీరొస్తే ఇది ఇవాళ తేలదు. నర్సమ్మగారి పరీక్ష రేపే" అంది ఆ అమ్మాయి.

షోరూమ్‌లో సూపర్‌వైజర్ విసుక్కుంటూనే మీటరు తెచ్చాడు. ఇద్దరాడవాళ్ళూ కదలకుండా ఎదురుగా నిలబడేసరికి పెట్టక తప్పలేదు. ముల్లు సగం కూడా లేవలేదు. లోపల ఒక గది పూర్తిగా పోయింది, స్టార్ట్ చేయడం వల్ల కాదు, తయారీలోనే ఏదో లోపం ఉందని అతనే నసుగుతూ ఒప్పుకున్నాడు. మేనేజర్ గదిలోంచి బయటికొచ్చి చూశాడు. మావయ్య చెప్పినంత ఎత్తేమీ లేడు, టీచరమ్మ భుజం దాకా వస్తాడు. సరే, ఇవ్వాల్సిందే, కానీ హెడ్డాఫీసుకి రాసి, వాళ్ళు ఒప్పుకుని, సరుకు వచ్చేసరికి వారం పడుతుంది, అప్పుడు రండి అన్నాడు. వెనక బల్ల మీద అదే రకం కొత్త బ్యాటరీలు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. రేపు పొద్దున పరీక్ష ఉందని టీచరమ్మ ఎంత చెప్పినా, పద్ధతి పద్ధతే కదండీ అన్నాడు.

టీచరమ్మ అద్దాల్లోంచి బయటికి చూసింది. గాలి మావయ్య బెంచీ మీద కూర్చోలేకపోయినట్టున్నాడు. రోడ్డు అవతలి అంచున నిలబడి, ఇటే చూస్తూ, మెడ సాచి తొంగిచూస్తున్నాడు. మేనేజర్ కూడా ఆవిడ చూపు వెంబడే చూశాడు. చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ పంచర్ల షాపు ఆయన మీకు బంధువా?"

"వరసకి మావయ్య" అంది టీచరమ్మ. "పిలవమంటారా?"

కొత్త బ్యాటరీని మేనేజరే స్వయంగా మోసుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.