కళ్ళు వెయ్యని బొమ్మ

2003. తిరుపతిలో బోర్డులు రాసే మునిప్రసాద్ ఇంటి ముందుగది. ఎదురుగా, కొండ మీద గుండు చేయించుకుని, మీసం కూడా తీయించుకుని దిగిన ఒక కొత్త మనిషి. లోపల మునిప్రసాద్ భార్య పంకజాక్షి.

"వెయ్యి రూపాయలిస్తానప్పా. పాత పేపర్ చుట్టి ఇచ్చెయ్, పోతాను."

"ఇది చీటీల రాజారత్నం బొమ్మ సార్. ఊరిని ముంచి పారిపోయినాడు. దీంతో మీకేం పని?"

"నేను ఆయన మేనల్లుడిని. తడ నుంచి వచ్చినాను. మా అత్త సూసుకుంటానంటా ఉండాది."

"జుట్టూ మీసం బాగా దిగినాయి గానీ, కళ్ళింకా వెయ్యలేదు. బొమ్మ కోసం ఇక్కడ కూర్చున్న ఆ ఒక్క పొద్దూ మీ మామ నల్లద్దాలు తియ్యలేదు. మళ్లీ వస్తానన్నాడు. రాలేదు."

"కళ్ళు లేకపోయినా ఫర్వాలేదు. రెండు వేలు తీసుకో."

"కళ్ళు లేని బొమ్మ గడప దాటకూడదు సార్. మా నాయన కాలం నుంచీ అంతే."

"ఫ్లెక్సీలొచ్చినాక నీకు పనే లేదంట. ఇంకా పద్ధతులేందప్పా?"

"పని లేదు, నిజమే. ఉన్న దుడ్డంతా మీ మామ చీటీలోనే పోయినాది. పక్కింటి అక్కమ్మ పూలంగడి ఎత్తేసింది. ఈ వీధిలో ఆయన దెబ్బ తగలని ఇల్లు లేదు."

"అందుకేనప్పా, ఐదు వేలు తీసుకో. తొందరగా తేల్చు, బస్సుకు పోవాల."

"పోలీసులు ఊరికే ఇమ్మన్నారు సార్. రేపొచ్చి తీసుకుపోతారంట. ఆయన ఫోటో ఒక్కటీ యాడా లేదంట, ఈ బొమ్మనే పేపర్లో వేస్తారంట."

"పది వేలు."

"పది వేలా..."

"ఊ, పది. ఇప్పుడే."

"సరే సార్, ఒక పని చేద్దాం. మేనమామ పోలికలు మేనల్లుడికి వస్తాయి. మీ కళ్ళు సూసి వేసేస్తాను. ఆ కుర్చీలో కూర్చోండి."

"ఎంతసేపు?"

"బీడీ కాల్చినంతసేపు."

"కానీ, కానీ. ఊరికే నన్ను సూస్తా కూర్చుంటావేంది?"

"పంకజాక్షీ."

"ఏందయ్యా?"

"రంగులో కలిపే తార్పిన్ నూనె అయిపోయినాది. అక్కమ్మనడిగి తీసుకురా."

"పూలమ్మే అక్కమ్మ దగ్గర తార్పిన్ యాడుంటాది?"

"ఉంటాది. రాజారత్నం బొమ్మకని చెప్పు, ఇస్తాది."

"రాజారత్నం బొమ్మకా... ఆ, సరే. పోతా ఉండా."

"ఆమె బయట గొళ్లెం పెట్టి పోయినాదేందప్పా?"

"కుక్కలు దూరతాయి సార్. కదలొద్దండి, కనుపాప తప్పిపోతాది."

"అయిందా?"

"ఒక కన్ను అయింది."

"రెండోది వద్దులే. దుడ్డు తీసుకో, బొమ్మియ్యి."

"ఒంటికన్ను మొగుడిని మీ అత్త ఏం సూసుకుంటాది సార్?"

"నీకు ఎగతాళిగా ఉండాది. బయట ఎవరో మాట్లాడతా ఉండారే. ఎవరప్పా అంతమంది?"

"మా వీధోళ్ళే. బొమ్మ సూడ్డానికి వచ్చినారు. ఇదో, రెండో కన్ను కూడా అయిపోయినాది. మీరూ సూడండి."

"నాకొద్దు. నన్ను పోనియ్యి."

"ఆ కుర్చీలో కూర్చోగానే ఎడమ పక్కకు తిరిగినారు, కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నారు. ఈ పొద్దు నేను చెప్పలేదే సార్. అట్లా కూర్చోమని ఆ పొద్దు చెప్పినాను. పంకజాక్షీ, గొళ్లెం తియ్యి. రాజారత్నం గారు బొమ్మకు కళ్ళిచ్చేదానికి వచ్చినారు."