బొట్టు పెట్టిన రేడియో

హలో… ఆ, నేనే బావా, రేణుకను. మరి ఇంకెవలు ఎత్తుతరనుకున్నవ్?

…ఏంది, గంత మెల్లగ మాట్లాడుతున్నవ్? గట్టిగ మాట్లాడు. ఈడ సగం రుద్రంగి మా వాకిట్లనే ఉన్నది.

…ఎందుకా! నువ్వేగదా నిన్న చెప్పినవ్—సిరిసిల్ల శిబిరం కాడికి రేడియోవోళ్లు వచ్చిండ్రు, సకల జనుల సమ్మెల కూసున్న ఆఫీసోళ్లను అడిగిండ్రు, నేను గూడ మైకుల మాట్లాడిన, రేపు పొద్దుగూకినంక ఏడింటికి 'ఊరూరి ముచ్చట'ల వస్తదని. నువ్వు నాకు చెప్పినవ్. నేను అవ్వకు చెప్పిన. అవ్వ బోరింగు కాడ చెప్పింది. ఇగ ఊరికి చెప్పుడు ఒడిసిపాయె.

…అయ్యో, బాపునైతె చూడాలె నువ్వు! ఇయ్యాల తాళ్లల్ల కల్లు గీసి జల్దినే వచ్చిండు. తానం జేసి తెల్లంగి ఏసుకున్నడు. లగ్గం ఖాయమై పూలుపండ్లు వెట్టుకున్న నాడు నువ్వు నాకు పెట్టిన గడియారం రేడియోను డబ్బల నుంచి తీసి కుర్సీ మీద కూసోవెట్టిండు. ఆయన కింద కూసున్నడు. వచ్చినోళ్లకల్ల ఒకటే మాట— 'నా అక్క కొడుకు, కార్తీకంల నా బిడ్డను చేస్కునేటోడు, రేడియోల మాట్లాడుతుండు' అని.

…నవ్వుతున్నవా ఏడుస్తున్నవా బావా? గొంతు ఎట్లనో ఉన్నది… సలివెట్టిందా?… సరె సరె.

నువ్వు ఫోన్ చేసుడే మంచిగైంది. నాకు సాయం గావాలె. గీ రేడియో నా మాట ఇంటలేదు. డిగ్రీ సదివిన పోరి ఇంట్ల ఉండంగ ఒక్క గడియారం పెట్టరాదా అని పక్కింటి నర్సక్క అప్పుడే మొదలువెట్టింది… అగో, 'ఉన్నమాటంటె ఏమాయె' అంటుంది. ఇనవడ్డదా?

…ఏమైతుందంటె, ఎర్రగ పన్నెండు, సున్న సున్న. పన్నెండు, సున్న సున్న. కన్ను గొట్టినట్టు కొడుతనే ఉన్నది.

…ఆ, కరెంటు పోయి వచ్చినప్పుడల్ల గంతే. బొగ్గు బాయిలు బందువెట్టినకాంచి దినాం పోవట్టె. …అడుగుకు బ్యాటరీ ఎయ్యాల్నా? గా చదరపుదా? గది కోరుట్లకు పోతెనే దొరుకుతది, ఆడ గూడ దుకాండ్లన్ని బందే. ఊకె ఎప్పటిదప్పుడు పెట్టుకుంటం. చెప్పు.

…బటన్ ఒత్తి పట్టాలె… పట్టిన…

అమ్మో! కూస్తుంది బావా! పీ పీ అని కూస్తుంది! …కోళ్లన్ని గోడ దుంకినయ్! …అలారమా? నేను పట్టింది అలారందా? …పైనున్న పెద్ద బటన్… నొక్కిన… ఆగింది. హమ్మయ్య. నర్సక్క గల్మ దాటి సడక్ మీదికి ఉరికింది బావా, పేలుతదనుకున్నదట! …రా అక్కా, రా, ఏం కాలే!

…సరె, టైం అని రాసున్నది. పట్టిన. ఇడువకుంట అవర్ నొక్కాలె. …ఒకటి… రెండు… మూడు… వాకిలంత లెక్కవెడుతున్నరు బావా, ఒకటో తరగతి బడి లెక్కున్నది… ఐదు… ఆరు! ఆగుండ్రి! …మినిట్లు గూడ నలభై ఐదు కాడ ఆపిన. సప్పట్లు కొడుతున్నరు, నేనేదో కలెక్టరైనట్టు.

…చుక్కనా? ఏం చుక్క? …ఎడమ దిక్కు, సన్నది… లేదు, ఎలుగుతలేదు. …గది ఎలగకుంటె పొద్దుగాల ఆరన్నట్టా? మళ్ల మొత్తం తిప్పాల్నా? …పోనియ్, పొద్దుగాల్నే ఉండనియ్. ఇప్పుడు సాయంత్రమని మాకు ఎరికేనాయె.

ఇగ రేడియో సంగతి చెప్పు. రిమోట్ పట్టుకున్న. నొక్కుతున్న… ఏం లేదు. …మళ్ల నొక్కిన. ఉలుకు లేదు పలుకు లేదు.

…బ్యాటరీ కాడ పలుచటి ప్లాస్టిక్ ముక్కనా? గది జానీమియా చాచ అప్పుడే గుంజిండు. దుబాయ్‌ల పనిజేసి వచ్చిండు గదా, ఎరుకుంటదని బాపు పిలుచుకొచ్చిండు. …ఆ, ఇగో పక్కకే ఉన్నడు. 'నేను దుబాయ్‌ల ఒంటెల కాడ జేసిన బిడ్డా, గడియారాల కాడ గాదు' అంటుండు.

…ఏంది? పోనియ్యాల్నా? పాడైనట్టుందా? రేపొచ్చి చూస్తవా? బస్సులు నడుస్తున్నయా నువ్వు రేపు రానీకి! ఇయ్యాల నువ్వు మాట్లాడేటిది రేపు ఇంటమా బావా? ఏం ముచ్చట మాట్లాడుతున్నవ్.

ఆగు. డబ్బల కాయిదమున్నది, ఇంగ్లీషుదే, సదువుతున్న. …'రిమోట్‌ను గడియారం ముందున్న నల్ల కన్నుకు ఎదురుగా పట్టాలి'… నల్ల కన్ను… ఏడున్నది నల్ల కన్ను…

అవ్వా! గీ బొట్టు ఎవలు పెట్టిండ్రే?

…ఆగు బావా… నాకు నవ్వాగుతలేదు… కడుపుల నొస్తుంది, ఆగు… అవ్వ రేడియోకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది! కొత్త సామాను గదా, దసరా నాడు బాపు గీత కత్తికి పెట్టినట్టు పెట్టింది. ఏడ పెట్టాల్నని చూసిందట. నడిమిట్ల నొసలు లెక్క నల్లగ మెరిసేటిది కనవడ్డదట. సరిగ్గ దాని మీదనే! దిట్టంగ పెట్టింది, బొటనేలంత. ఇగ దానికి రిమోట్ ఎట్ల కనవడుతది!

…తుడుసుడా? నేను కొంగు ఆనిచ్చిన్నో లేదో, అవ్వ చెయ్యి పట్టుకున్నది. 'లగ్గం ముంగటేసుకొని, అల్లుడిచ్చినదాని బొట్టు తుడుస్తవా, నీకు సోయున్నదా' అని లొల్లి. …అవ్వా, గది రేడియోనే. …రేడియో అయితేంది అంటుంది. నువ్వు చెప్తె ఇంటదా? …నువ్వు గూడ తుడువద్దంటున్నవా? ఏంది బావా, నువ్వు ఎవలి దిక్కు!

…ఉండు, చాచ ఉపాయం చెప్తుండు. 'ముందుగాల పైన ఇంకో బొట్టు పెట్టు చంద్రవ్వా. పెట్టినంక కిందిది తియ్యి. అప్పుడు బొట్టు తుడిసినట్టు గాదు, జరిపినట్టు' అంటుండు. …అవ్వ ఆలోచన చేస్తుంది… ఒప్పుకున్నది! కుంకుమ భరిణె తెచ్చింది… పైన పెట్టింది… ఇగ కిందిది తుడుస్తున్న… నొక్కుతున్న…

వచ్చింది! బావా, వచ్చింది! నాగుంబాము లెక్క బుస్సంటుంది గని వచ్చింది! ఇంత దూరం నుంచి నొక్కిన, గల్మ కాంచి! బాపు నా నెత్తి మీద చెయ్యివెట్టిండు!

…నువ్వేంది, సంతోషం లేనట్టు మాట్లాడుతున్నవ్. సరె, స్టేషన్ ఎట్ల పట్టాలె చెప్పు.

…ఏఎం మీద పెట్టాల్నా? పెట్టిన. బుస్సే వస్తుంది. …ఎనుకున్న సన్న వైరు చుట్ట చుట్టినట్టే ఉంచాల్నా? ఇప్పొద్దా? …స్లీప్ అనేది నొక్కుకుంట సున్నదాంక పోవాల్నా? …పోయిన… అగో, మొత్తమే పండుకున్నది!

కాయిదంల గట్ల లేదు బావా. ఎఫ్ఎంల పెట్టుమని ఉన్నది. వైరు విప్పి పొడుగు సాపుమని ఉన్నది.

…బావా.

…నిజం చెప్పు. నువ్వు కావాల్ననే తప్పు చెప్తున్నవ్ గదా?

…

ఉండు. అవ్వా, సిగ్నల్ లేదే, ఇంటెనుకకు పోయొస్త! చాచా, ఎఫ్ఎంల పెట్టిన, రేడియో మళ్ల ఏసిన. గా వైరు విప్పి దండెం మీద ఎయ్యిండ్రి!

…ఆ, చెప్పు ఇగ. ఇక్కడెవ్వలు లేరు, మేకలే ఉన్నయ్. మైకుల ఏమన్నవ్?

…

తెలంగాణ వచ్చేదాంక?

…

తెలంగాణ వచ్చేదాంక పెండ్లి చేస్కోనని ఒట్టు వెట్టినవా! రేడియోల! కార్డులు అచ్చుకిచ్చినంక!

…నీకంటె ముందుగాలోడు గడ్డం తియ్యనన్నడా. ఆయనెనుకాయన చెప్పులు ఏస్కోనన్నడా. …నీ వంతు వచ్చేసరికి ఏం మిగల్లేదా? చాయ మిగిలింది గదా, చాయ తాగనంటివా అయిపోవు! దినాం ఆరుసార్లు తాగుతవ్, అది గాదు పెద్ద త్యాగం? నేనే దొరికిన్నా?

…నవ్వుతలేను. …నవ్వుతున్న గని, గిది కోపం నవ్వు.

…నాకు తెలంగాణ అద్దా బావా? సడక్ మీద పొయ్యివెట్టి వంటావార్పుల పదిమందికి వండిన. బతుకమ్మ గూడ సడక్ మీదనే ఆడిన. రేపొస్తదో, ఎన్నేండ్లకొస్తదో గని రాకపోదు, నాకెరుకే. గని గప్పటిదాంక నేను గీడ, నువ్వు గాడ… నన్ను ఒక్క మాట అడిగినవా?

…

…ఇప్పుడు కాళ్లు పట్టుకుంట అంటె ఏం లాభం. …ప్లగ్గు పీకాల్నా? పీకుత. మళ్ల కరెంటు పోయిందనుకుంటరు, ఎవ్వలకు అనుమానం గూడ రాదు. …ఆ, గిప్పుడే పోయి పీకుత, ఏడుపు బందుజెయ్యి—

…ఇనవడుతుందా? సాపుగ వస్తుంది! వైరు దండెం మీదేసినట్టున్నరు. 'ఊరూరి ముచ్చట' అంటుంది! ఉరుకుతున్న, ఫోన్ పెట్టకు.

…వచ్చిన. రిమోట్ నా చేతుల్నే ఉన్నది. ఒక్క బటన్.

…బావా, నాతోటి గాదు. బాపు ముంగటికి ఒంగి, చెవి రేడియోకు ఆనిచ్చి కూసున్నడు. ఎట్ల నొక్కుత చెప్పు? …ఇననియ్. నువ్వన్నదే గదా. నువ్వు గూడ ఇను, ఫోన్ దగ్గర పెడుతున్న.

…

…

…ఇన్నవా? మంచిగనే మాట్లాడినవ్. గా ఆఖరు మాట ఒక్కటి తప్ప.

…ఇప్పుడా? నర్సక్క లేసి నా పక్కకు వచ్చింది. అవ్వ నా దిక్కు చూస్తుంది. బాపు… బాపు లేస్తుండు బావా.

…ఆగు. సప్పట్లు! బాపు సప్పట్లు కొడుతుండు! 'జై తెలంగాణ' అంటుండు, వాకిలంత అంటున్నరు! 'నా అల్లుడంటె గిట్లుండాలె, ఎన్నేండ్లైనా ఆగుత' అంటుండు. …బాపు మెచ్చుకుంటె నువ్వెందుకు మురుస్తున్నవ్ బావా? తిట్టినా బాగుండు! బాపు ఆగుతడు, ఇగ నా లగ్గం ఎవలు చేస్తరు? …అవ్వొక్కతే 'మరి పోరి సంగతేంది' అని ఏడుస్తుంది, ఆమె మాట ఎవ్వలకు ఇనవడుతలేదు.

…ఊకో. నువ్వు మాట్లాడకు. నీ వంతు అయిపోయింది, ఇగ నాది.

బాపూ! ఓ బాపూ! సప్పట్లు జర ఆపుండ్రి! …నీ అల్లుడు ఒట్టు వెట్టిండు, మంచిదే. గని పెండ్లి ఇద్దరిదాయె. ఒక్కడే పెడితె ఒట్టు సగమే అయింది గదా? మిగిలిన సగం నేను చెప్పాల్నా, అద్దా? …చాచ చెప్పుమంటుండు. …నర్సక్క గూడ. …సరె, చెప్తున్న.

తెలంగాణ వచ్చేదాంక నేను గూడ ఇంట్ల కూసోను. సిరిసిల్ల శిబిరంల కూసుంట. …ఆ, దినాం! …అద్దంటవేంది బాపూ? ఇప్పుడేగదా జై తెలంగాణ అన్నవ్. …లగ్గంగాని పోరి దినాం బావ పక్కకు కూసుంటె నలుగురు ఏమనుకుంటరంటవా? నేను గూడ గదే అంటున్న! అందుకే లగ్గం పెట్టుకున్న నాడే గావాలె. వాకిట్ల గాదు, శిబిరం టెంటు కింద. సుట్టాలంత సమ్మెల ఆణ్నే కూసున్నరు, కొత్తగ పిలిసేదేమున్నది? బంతి భోజనం వంటావార్పుల్నే!

…హలో, బావా, ఉన్నవా? చాచ నవ్వీ నవ్వీ గోడకానిండు. నర్సక్క అప్పుడే సన్నాయోళ్లు సమ్మెల ఉన్నరా లేరా అని అడుగుతుంది. అవ్వ కండ్లు తుడుసుకున్నది, 'నేనైతె ఒప్పుకున్న' అంటుంది. …బాపు తల గోక్కుంటుండు. ఒకటే అడుగుతుండు—మరి నా అల్లుడు మాట తప్పినోడు గాడా, అని.

…గిప్పుడు చెప్పు, మాట తప్పుడా?

…నాకు గాదు చెప్పుడు. రేపు మా వాడ ఆడోళ్లమందరం ట్రాక్టర్ మీద ఆడికే వస్తున్నం. అదే శిబిరంల, అదే మైకు పట్టుకో. రేడియోవోళ్లు ఉన్నా లేకున్నా. 'నా రేణుకను అడగకుంట ఒట్టు వెట్టిన, తప్పైంది. తెలంగాణ వచ్చేదాంక పెండ్లి చేస్కోననుడు గాదు, తెలంగాణ వచ్చేదాంక మేమిద్దరం ఒక్క దగ్గర్నే కూసుంటం' అని చెప్పు. అంటవా?

…ఇనవడలే.

…ఇంకింత గట్టిగ.

…అంటడట! బాపూ, అంటడట! …బాపు నవ్విండు బావా! 'ఇద్దరు కూసునుడు ఒక్కడు కూసునుడు కంటె ఎక్కువనే' అంటుండు! ఒప్పుకున్నడు!

…ఏంది? మళ్ల మెల్లగ మాట్లాడుతున్నవ్… పో బావా, వాకిలి నిండ మంది ఉన్నరు. …ఆ. నేను గూడ.

…ఆగాగు, పెట్టకు, బాపు మాట్లాడుతడట నీతోటి. ఇగో బాపూ, ఫోను—

…హలో?

…బావా?

…కట్ చేసిండు బాపూ.